లండన్‌లో ఆగిన పెళ్ళిచీర

మగ్గం మీదున్న చీర కొంగులో పెళ్ళివాళ్ళ పేర్లు ఇప్పుడే నేయకండి. అదీ లండన్‌లో ఇంకో పెళ్ళికి పోవాల్సిందే. పేర్లు లేకపోతే కనీసం ఇక్కడైనా అమ్ముకోవచ్చు. అత్తమ్మకు అన్నం తిన్నాక మాత్ర ఇవ్వండి. నేను బెంగళూరులోని కొరియర్ ఆఫీసుకు వెళ్తున్నాను.

మొదట పంపిన చీరను అక్కడి కస్టమ్స్ వాళ్ళు ఆపేశారు. పన్ను కడితేనే వదులుతారట. బూత్ నుంచి పెళ్ళికూతురి తల్లికి ఫోన్ చేశాను. "చీరకు దుడ్లు ఇచ్చినాం కదమ్మా, పన్ను గూడా మేమే యాల కట్టాల?" అని పెట్టేసింది. వెనక్కి తెప్పించమని కొరియర్ అతన్ని కూడా ఫోన్‌లో అడిగాను. "తెప్పిస్తే ఆ చార్జీ మీదే. ఈడ మళ్ళా సుంకం అడుగుతారు" అన్నాడు. తెప్పించినా ఎవరివో పేర్లు నేసిన చీరను మన మదనపల్లెలో ఎవరు కొంటారు?

అందుకే ఆ పన్ను మనమే కట్టేస్తున్నాం. మనకు మిగలాల్సిందంతా అందులోనే పోతుంది. ఫారిన్ ఆర్డర్లు తీసుకుందామన్నది మీరు. ఇప్పుడు అంతా నా మీద వదిలేసి మగ్గం ముందు కూర్చున్నదీ మీరే.

భుజానికి నూనె రాసుకోండి.

మాలతి

ఆదివారమే పెళ్ళి. తల్లి మీద కోపంతో ఆ పిల్లను వేరే చీరలో పీటల మీద కూర్చోబెట్టలేను.