కాలి గంట

12 జూన్ 2024
ఎడమ చెవిలో ఇంజెక్షన్ వేశారు. ట్రయల్. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి కణాలుంటాయట. చిన్నప్పటి జ్వరంలో నావి చచ్చిపోయాయి. కోళ్లకైతే పోయినవి మళ్లీ మొలుస్తాయట, మనుషులకు మొలవవట. ఈ మందుతో మొలిపిస్తామని దీప్తి డాక్టర్ కాగితం మీద రాసి చూపించింది.

కుడి చెవికి మెషీన్ పెట్టుకుంటే బాపు గొంతు అందుతుంది. అది చాలదా అంటాడు. చాలదు. నాకు మొత్తం కావాలి.

3 ఆగస్టు, పొద్దున
వినిపించింది! బాపు మందను అడవి అంచుకు తోలుతుంటే, మెషీన్ లేకుండానే, పొట్టేలు మెడలో గంట!

చిన్నప్పుడు నా కాలికీ అలాంటి గంటే కట్టేవాడు. పిలిస్తే నాకు వినపడదు కదా. నల్లమలలో తప్పిపోతే ఆయనే నన్ను వినాలి. అటక మీంచి దాన్ని తీసి మోగించాను. ఇన్నాళ్లూ నేను చేసిన చప్పుడు ఇదా! ఏడుపు ఆగలేదు.

22 ఆగస్టు
కుడి చెవికీ వేయించుకున్నాను. జర ఆగు బిడ్డా, ఉన్నది గూడ పోతదేమో అన్నాడు బాపు. అన్నింటికీ భయమే ఈయనకు. డాక్టర్ కూడా ఆగుదామంది. నేనే పట్టుబట్టాను.

9 సెప్టెంబరు
గొర్రెలు గడ్డి కొరకడం కూడా వినిపిస్తోంది. గిన్నె కింద పెడితే తలలో మేకు దిగినట్టుంది. ఆనందంగా ఉండాల్సింది. భయంగా ఉంది.

14 సెప్టెంబరు
నల్లగొండ దివాకర్ మా అందరికంటే ముందు వేయించుకున్నాడు. ట్రయల్ వాళ్ల వాట్సాప్ గ్రూప్‌లో రోజూ వాయిస్ మెసేజ్‌లే వినేవాడు, పంపేవాడు. ఇవాళ అందరినీ టైప్ చేయమన్నాడు.

15 సెప్టెంబరు
ఎందుకని అతనికి మెసేజ్ పెట్టాను. చూశాడు. అంతే.

27 సెప్టెంబరు
హైదరాబాద్ రమ్మన్నారు. దీప్తి డాక్టర్ ఈసారి కాగితం మీద చాలాసేపు రాసింది. కొత్త కణాలు ఎక్కడి నుంచో రాలేదట. పాతవాటిని నిలబెట్టి కాపాడే కణాలే వెంట్రుకల కణాలుగా మారిపోయాయట. మారడం ఆగడం లేదట. కాపాడేవి అయిపోతే మొలిచినవి కూడా నిలవవట. రెండు చెవుల్లోనూ.

బాపుకు చెప్పాను. కాపరోళ్లంత గొర్లయితే మందను ఎవలు కాస్తరు బిడ్డా అన్నాడు. ఆ మాట వినిపించింది, కానీ దూరం నుంచి. ఆయన నా పక్కనే కూర్చున్నాడు.

6 అక్టోబరు
గంట చెవి దగ్గర పెట్టుకుని మోగిస్తేనే.

11 అక్టోబరు
బాపు ఏదో అన్నాడు. పెదాలు కదిలాయి. విన్నానని తలూపాను. ఆయన నన్ను కాసేపు చూశాడు. లోపలికి వెళ్లి గంట తెచ్చి నా కాలికి కట్టాడు.