దూడ లేకుండా వచ్చిన గేదె

పశువుల డాక్టరు గారికి,

కొండ మీది ఇళ్లకు సబ్సిడీ గేదెలు ఇస్తామన్నప్పుడు అందరికంటే ముందు చెయ్యెత్తిన ఆడమనిషిని నేనే. ఆ రోజు మీరు నాకు చప్పట్లు కూడా కొట్టించారు.

మా గిరిజనుల్లో పాలు పిండే అలవాటు లేదు. తల్లి పాలు దూడవే అంటారు. దూడ తాగగా మిగిలిందే మనం తీసుకుంటామని శిక్షణలో మీరు చెప్పాకే మా అత్త ఒప్పుకుంది. తీరా చూస్తే లారీలోంచి గేదె ఒక్కటే దిగింది. "దూడ ఏదయ్యా?" అంటే, "చోటు చాల్లేదు, సంతలోనే వదిలేశాం. కాగితంలో గేదె అనే ఉంది కదమ్మా" అన్నాడు డ్రైవరు.

నెలయింది. పొదుగు మీద చెయ్యి వేస్తే ఎగజేపుతుంది, చుక్క రానివ్వదు. డొక్కలు అంటుకుపోయాయి. కానీ ఏ లారీ చప్పుడు వినబడినా చాలు, దూడే వస్తోందనుకుని చెవులు రిక్కించి చేపుతుంది. పాలన్నీ మట్టిలోకి కారిపోతాయి. "బిడ్డ దూరమైన తల్లి కింద చెంబు పెట్టడానికి చేతులెలా వస్తున్నాయే నీకు?" అంటుంది అత్త.

మాకు పెంచడం చేతకాలేదని మీ గుమస్తా రాసుకుపోయాడు. రాసుకోనివ్వండి. ఆ దూడ అసలు ఉందో లేదో అడిగే ధైర్యం నాకిప్పుడు లేదు. గేదెను తీసుకుపోండి. లారీని మాత్రం కొండ కిందే, ఇంజను ఆపి ఉంచండి. నేనే నడిపించుకొస్తాను. ఆ చప్పుడు వింటే అది మళ్లీ చేపుతుంది.

ఇట్లు,
ముందు చెయ్యెత్తిన మనిషి