పాట ముందు, ఏడుపు తర్వాత

శుక్రవారం, మ్యాట్నీకి గంట ముందు

బావగారికి,

గేటు దగ్గర టిక్కెట్లు చింపే మీ బావమరిది వంగి పెడుతున్న నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. మీ కులాసా వేరే అడగక్కర్లేదు. కోపాన్ని ఇరవై రెండేళ్లు చెడకుండా దాచుకున్న మనిషికి ఒంట్లో ఏం లోటుంటుంది?

సంగతి మన రెక్కల గుర్రం సినిమా గురించి. చింపెయ్యకండి, చదవండి. ముసలి ఓనరు పోయాక హాలు చూసుకుంటున్న వాళ్లమ్మాయి, పాత ప్రింటు నిండా గీతలేనని, శుభ్రం చేసిన కొత్త కాపీ తెప్పించింది. మొన్న వేస్తే బొమ్మ అద్దంలా ఉంది. రాకుమారి రాయైపోయింది, రాకుమారుడు ఏడ్చాడు, ఆమె లేచింది, ఇద్దరూ మబ్బుల మీద పాడుకున్నారు. సినిమా తీసినవాళ్లు పెట్టిన వరసే అది.

జనం ఒప్పుకుంటేనా! టైలర్ మామ కుర్చీ ఎక్కి, పాట ముందు, ఏడుపు తర్వాత, మా సినిమా మాకు వెయ్యండని అరిచాడు. అది తప్పు వరసని ఓనరమ్మ చెప్పబోతే ఆసుపత్రి నర్సమ్మ కడిగేసింది. రాయిలోంచి పాట వినబడబట్టే గదా వాడు ఆశ వదల్లేదు, లేచి కూర్చున్నాక ఎవరైనా పాడతారు, అందులో గొప్పేముంది అంది. ఫోన్లలో సినిమాలు చూసే కుర్రకారు కూడా, అమ్మమ్మల్ని పక్కన పెట్టుకుని, అవునవునని ఈలలు.

ఇరవై రెండేళ్ల కిందట ఆ రోజు మీరు ఏడుపున్న ఆరో రీలు బదులు పాటున్న ఏడోది ఎక్కించారని ముసలాయన మెట్ల మీద, అందరి ముందూ, కళ్లు నెత్తికెక్కాయా అని తిట్టాడు. మీరు తాళాలు ఆయన కాళ్ల దగ్గర పారేసి ఊరే వదిలారు. మర్నాటి నుంచి జనం ఆ వరసే అడిగి వేయించుకున్నారు. ఆయన నోరు మూసుకుని ఏటా అలాగే వేశాడు. మిమ్మల్ని రమ్మనడానికి మాత్రం నోరు రాలేదు.

వచ్చే శుక్రవారం పాత ప్రింటే వేస్తామంటోంది ఓనరమ్మ. మీ తర్వాత వచ్చిన ఆపరేటరు మోకాళ్లు పట్టేసి ప్రొజెక్టరు గదికి మెట్లెక్కలేడు. ఫ్యాన్లు బాగుచేసే మీ కొట్లో రేడియోలో ఆ పాట వస్తే చటుక్కున కట్టేస్తారని అక్క చెప్పింది. కట్టింది చాలు. రండి.

మీ బావమరిది

తా.క. మర్చిపోయి కాదు, ధైర్యం చాలక అసలు మాట కిందికి తోసుకుంటూ వచ్చాను. ఆరో డబ్బాలో ఏడో రీలు పెట్టింది నేను. మీరు కంగారుపడితే పొట్ట పట్టుకుని నవ్వుకోవాలని, అంతే. నవ్వాను కూడా. మెట్ల మీద మిమ్మల్ని తిడుతున్నప్పుడు ముందుకు రావాల్సింది. గేటు ఉద్యోగం పోతుందని కాలు కదల్లేదు. తర్వాత ఆ పాటకి చప్పట్లు పడ్డప్పుడల్లా నా చెంపల మీద పడ్డట్టుండేది. నిన్న ఓనరమ్మకి చెప్పేశాను. ఉంచుతుందో పంపుతుందో అనలేదు. ముందు మీకు రాయమని కాగితం చేతిలో పెట్టింది. ఈ కాగితం అదే. మీరొచ్చేసరికి నేను గేటు దగ్గర ఉన్నా లేకపోయినా, పైకి వెళ్లండి బావా. ఈసారి ఆ రీళ్లు మీ చేత్తో మీరే తారుమారు చెయ్యాలి.