నడకలో మూడో మనిషి

ప్రియమైన అమ్మకి,

నేను బాగున్నాను. ముందే చెప్పేశాను కాబట్టి ఇక నిదానంగా చదువు.

హాస్టల్లో భోజనాలయ్యాక మైదానం చుట్టూ నడవడానికి మమ్మల్ని కాసేపు వదులుతారు కదా. అబ్బాయీ అమ్మాయీ ఇద్దరే నడవకూడదు, మూడో మనిషి ఉండాలి. ఆ మూడో మనిషి చివరిదాకా వాళ్ళని విడవకూడదు. అదీ ఇక్కడి రూలు. ఇప్పుడు మా తొమ్మిదో తరగతి మొత్తానికీ మూడో మనిషి ఎవరనుకున్నావు? నేనే! "ఇవాళ మాతో రావే" అని భోజనాల దగ్గరే బేరాలు మొదలవుతాయి. నేను మాత్రం ఎక్కువగా నా పక్క మంచం పిట్టతోనే వెళ్తాను. పిట్ట, దాని పొడుగోడు, నేను. పానకంలో పుడక అనుకుంటున్నావా? ఇక్కడ పుడక లేకపోతే పానకమే లేదమ్మా!

మొదటి నెలంతా నాతో ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నీకు రాయలేదు. ఇప్పుడు రాయొచ్చు, అయిపోయింది కాబట్టి.

అందరికీ కావలసిన
నీ పెంకిపిల్ల

* * *

ప్రియమైన పెంకిపిల్లకి,

నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను. ముందు సంతోషపడ్డాను. తర్వాత మళ్ళీ చదివాను. అదే నా జబ్బు. పుస్తకాల్లో అచ్చుతప్పులు పట్టి జీతం తెచ్చుకునేదాన్ని, ఇంటికొచ్చినా కన్ను ఊరుకోదు. నీ పాత ఉత్తరాలన్నీ తీశాను. పిట్ట ఇలా అంది, పొడుగోడు అలా అన్నాడు. నువ్వేమన్నావు? ఒక్కచోటా లేదు. నడిచేటప్పుడు వాళ్ళు నీతో మాట్లాడతారా?

"దాని మానాన దాన్ని వదిలెయ్. భూతద్దం పెట్టి చదవాల్సిన ఉత్తరమా అది?" అని మీ నాన్న విసుక్కున్నారు. నిజమే కావచ్చు. కూరలో కరివేపాకులా నిన్ను తీసి పక్కన పెడతారేమోనని నా భయం. ఆ భయమే తప్పేమో. నెలంతా నువ్వు ఒంటరిగా ఉంటే పసిగట్టలేకపోయినదాన్ని, నా కళ్ళని నేనేం నమ్మను?

జవాబు రాయి.

అనుమానాల అమ్మ

* * *

ప్రియమైన అమ్మకి,

మాట్లాడతారు. అప్పుడప్పుడు.

ఇప్పుడు అది కాదు సంగతి. నిన్న నడకలో పిట్ట, "నువ్వీ బెంచీ మీద కూర్చోవే, ఇప్పుడే వస్తాం" అని వాడితో ల్యాబ్ వెనక్కి వెళ్ళింది. కబుర్లకేనమ్మా, ఒట్టు. గంట కొట్టినా రాలేదు. వార్డెన్ మేడమ్ నన్ను ఒక్కదాన్నే చూసి, "ఏరీ మీవాళ్ళు?" అన్నారు. "ముందు నడుస్తున్నారు మేడమ్" అన్నాను. ఆవిడ నమ్మలేదు.

ప్రిన్సిపాల్ గారు వచ్చే వారం ఊర్నుంచి రాగానే ముగ్గుర్నీ విడివిడిగా అడుగుతారట. నిజం చెబితే పిట్టని ఇంటికి పంపేస్తారని అందరూ అంటున్నారు. "ఒకసారి ఇంటికెళ్తే మా నాన్న ఇక చదువు మాన్పించేస్తాడే" అని అది ఒకటే ఏడుపు. నాకేమో మళ్ళీ ఆ మొదటి నెలలా బతకాలని లేదు. ఏం చెయ్యను? తొందరగా రాయి. ఇక్కడున్న ఒక్క ఫోనూ మేడమ్ గదిలోనే ఉంది, ఆవిడ ముందు ఏం మాట్లాడను!

నీ పెంకిపిల్ల

* * *

ప్రియమైన తల్లికి,

నిజం చెప్పు.

ఆ ముక్క రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో. నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టి పోయినవాళ్ళ కోసం నువ్వెందుకు అబద్ధమాడాలి? దానికే తెగిపోయే స్నేహమైతే తెగనీ. పిట్ట చదువు మాట తలుచుకుంటే మాత్రం నా చెయ్యి ఆగిపోతోంది. కావాలంటే వాళ్ళ నాన్నగారికి నేను రాస్తాను, నా మాట ఆయన ఎందుకు వింటారో నాకూ తెలియదు. అయినా నిజమే చెప్పు. నీ సంగతి నాకు తెలుసు, నువ్వు నిజమే చెబుతావు.

ప్రేమతో,
అమ్మ

* * *

ప్రియమైన అమ్మకి,

ప్రిన్సిపాల్ గారి ఉత్తరం ఈపాటికి నీకు అంది ఉంటుంది. రెండు వారాలు ఇంటికి పంపుతున్నారు. పిట్టని కాదు, నన్ను.

మా గదిలో ఎవరి ఇంటి ఉత్తరమైనా అందరూ చదువుతారు. తెలిస్తే నువ్వు మనసు విప్పి రాయవని నీకు చెప్పలేదు. నీ ఉత్తరం నాకంటే ముందు పిట్ట చదివింది. నేను నిజం చెప్పేస్తానని నువ్వే రాశావు కదా. ఎలాగూ బయటపడుతుందని, నాకు మాటమాత్రం చెప్పకుండా వెళ్ళి ప్రిన్సిపాల్ గారి దగ్గర ఒప్పేసుకుంది. పొడుగోడూ ఒప్పుకున్నాడు. తమంతట తామే చెప్పారని ఆయన చీవాట్లు పెట్టి వదిలేశారు.

ఆ తర్వాత నన్ను పిలిచారు.

"వాళ్ళతోనే ఉన్నావా?"

"ఉన్నాను సార్."

"ఆలోచించుకుని చెప్పమ్మా."

"ఒక్క క్షణం కూడా విడవలేదు సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ముగ్గురిలో అబద్ధమాడింది నేనొక్కదాన్నే అయ్యాను.

నీ మాట కాదన్నందుకు నన్ను ఎంతైనా తిట్టు, పిట్టని మాత్రం ఏమీ అనకు. నా పెట్టె అదే సర్దింది. బట్టలు మడతపెడుతూ, "నువ్వు చెప్పేస్తావనే అనుకున్నానే. మీ అమ్మగారు అంత గట్టిగా రాశారు కదా" అంది. రోజూ పక్కనే నడిచే మనిషి, ఎప్పుడూ చూడని నిన్ను నమ్మింది. నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని, దాని కోసం అబద్ధమే ఆడతానని. అడగనే లేదు.

శనివారం నువ్వే రా. నాన్నని పంపకు. ఆయన ఏమీ అడగరు. నన్ను ఎవరైనా అడగాలని ఉంది.

నీ కూతురు