సాంచలో పోయని మనిషి

మీరు పోయి ఇవాళ్టికి సరిగ్గా ఏడాది. స్నానం కాగానే రోజుకొకటి చొప్పున బొటనవేలంత మట్టిబొమ్మ చేస్తూ వచ్చాను. అన్నీ మీవే. సిరిసిల్ల షెడ్డులో సాంచల ముందు పన్నెండేసి గంటలు ఎలా నిలబడేవారో, అలాగే.

వీటిని జగిత్యాలలో ప్రదర్శనకు పెడతానన్న హైదరాబాద్ అమ్మాయి నిన్న వచ్చింది. గోడ నిండాలంటే వెయ్యి కావాలట. "అమ్మమ్మా, ఒక సాంచా పెట్టుకోండి, వారంలో అయిపోతాయి" అంది.

మనకు సాంచ అంటే మరమగ్గమే కదా! "సాంచ మీద బట్ట నేస్తరు బిడ్డా, మనుషులను నేస్తరా?" అన్నాను. ఆ పిల్ల నవ్వి, తను చెప్పింది అచ్చు గురించి అంది.

నాకు నవ్వు రాలేదు. "అచ్చుల పోస్తే అన్ని ఒక్కతీరుగ అస్తయి. మా ఆయన ఏనాడన్న నిన్నటి లెక్క నిలబడ్డడా? ఒకనాడు నడుము పట్టుకునేటోడు, ఒకనాడు గోడకు ఒరిగేటోడు. రేపటితోని మూడు వందల అరవై అయిదు అయితయి, గంతే. మిగిలిన గోడ ఖాళీగ ఉండనియ్. కాదంటే ఒక్కటి గూడ ఇయ్య" అన్నాను.

"సరే అమ్మమ్మా" అని తలూపి వెళ్లింది.

ఈ ఉదయం ఆఖరిది చేశాను. మిమ్మల్ని కూర్చోబెట్టాను. ఎవరు లెమ్మంటారో చూస్తాను.