పోలమ్మ పక్కకు తప్పుకోలేదు

శ్రావణ బహుళ పంచమి, గురువారం రాత్రి.

చేపలమ్మే పోలమ్మకు ఇంకా స్పృహ రాలేదు. వైద్యుడుగారు నాడి చూసి, తెల్లవారితే గాని ఏమీ చెప్పలేనన్నారు.

కాలువకు గండి పడిందని పొద్దున కబురు రాగానే గుర్రమెక్కి గట్టు వెంట దౌడు తీయించాను. మలుపు దగ్గర పోలమ్మ, ఆమె కోడలు చేపల తట్టలతో సంతకు నడిచి వెళుతున్నారు. నేను చూశాను. గుర్రాన్ని నిలపడానికి వ్యవధి కూడా ఉంది. వాళ్లే తప్పుకుంటారులే అనుకుని ఒక కేక వేశాను. కోడలు పక్కకు దూకింది. గుర్రం భుజం తగిలి పోలమ్మ రాళ్ల మీద పడింది.

నేనే చేతుల మీద ఎత్తుకుని వాళ్ల పాకకు చేర్చాను. "కేక వేశాను కదా, ఎందుకు తప్పుకోలేదు?" అని కోడలిని అడిగాను. ఆ మాట ఎలా అడగగలిగానో.

"మీ గుర్రమని సూసిందండి. ఓవర్సీరు బాబుగారు ఆగుతారులే అందండి. మీరెప్పుడూ ఆగేవోరు కదండి" అంది.

నిజమే. ఇన్నేళ్లూ ఆగాను, ఈ ఒక్కరోజే ఆగలేదు. తీరా వెళ్లేసరికి రైతులే మట్టి వేసి ఆ గండి పూడ్చేశారు.

భగవంతుడా, ఆమె కళ్లు తెరిస్తే చాలు. తెరవకపోతే...

సాయంత్రం తిరిగి వస్తుంటే, నడిచేవాళ్లు నన్ను దూరం నుంచే చూసి గట్టు దిగి బురదలో నిలబడ్డారు. నేను గుర్రం దిగి, కళ్లెం పట్టుకుని, పైకి రండని పిలిచాను. ఎవరూ రాలేదు.