పావుగంట విమానం

అక్కకూ, సకల బంధుజనానికీ తెలియజేయునది ఏమనగా: మన వంశంలో విమానమెక్కిన మొట్టమొదటి మోకాళ్లు అమ్మవి. రెండూ క్షేమంగా దిగాయి.

టికెట్టులో బయలుదేరేది తొమ్మిదికి, చేరేది తొమ్మిదింబావుకి అని ఉంది. ఏడువందల కిలోమీటర్లూ పావుగంటలో దాటేస్తుందని నమ్మాం. తొమ్మిదీ ఇరవైకి కూడా కింద మబ్బులే. అమ్మ విమానం అమ్మాయిని పిలిచి, "దారి తప్పారా తల్లీ? డ్రైవరును ఎవరినైనా అడగమను" అంది. ఆ పిల్ల మా టికెట్టు చూసి నవ్వాపుకుని, "ఇది అచ్చుతప్పండీ, చేరేది పదింబావుకి. ఇంకో గంట పడుతుంది" అంది.

గురువారం పొద్దున అమ్మ మోకాళ్లకు ఆపరేషన్. విమానమంటే నీకు భయమని తెలుసు. కానీ రైళ్లు మారి వచ్చేసరికి ఇక్కడ కట్లు కూడా విప్పేస్తారు. బుధవారం విమానమెక్కు. అమ్మ శాలువా తీసుకురా. వంటింటి కొళాయి కారడం ఆగిందా? బావ బాగుచేసుంటే ఆగి ఉండదులే. ఆయనకు నమస్కారం, పిల్లలకు ముద్దులు.

ఒక్కటి మాత్రం కల్పించి రాశాను. దారి తప్పారా అని అడిగింది అమ్మ కాదు, నేను. అమ్మ దారంతా నా చెయ్యి పట్టుకునే కూర్చుంది. గురువారం ఆవిడ లోపలికెళ్తే నా చెయ్యి పట్టుకునేవాళ్లుండరు. రా అక్కా.